అలిగిన పేగు

"పోయిందా?" అని తలుపు దగ్గర నుంచే అడిగింది సిస్టర్, చేతిలో ట్రేతో, వార్డంతా వినేలా. లేదమ్మా, పోలేదు, పోతే నీకు చెప్పకుండా దాచుకుంటానా, దాచుకునే వస్తువా అది? పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళందరిదీ ఇదే ప్రశ్న, ఏది పోయిందో మాత్రం ఒక్కరూ అనరు. ఊడ్చే ఆవిడ చీపురు ఆపి పోయిందా అంటుంది, చిన్న డాక్టరు గోడకేసి చూస్తూ పోయిందా అంటాడు, పక్క మంచం ముసలావిడ అటు తిరిగి పడుకునే పోయిందా తల్లీ అంటుంది, మా ఆయనైతే ఆ మాత్రం కూడా అనరు, కనుబొమలు ఎగరేస్తారు. గాలి అని ఆ రెండక్షరాలూ అంటే వీళ్ళ సొమ్మేం పోయిందో! పొట్ట కోసి, మెలిపడిన పేగుని విప్పి, సర్ది, మళ్ళీ కుట్టేశారు. ఇక ఆ పేగు కదలాలి. కదిలిందనడానికి గుర్తుగా కింద నుంచి కాస్త గాలి పోవాలి. అంతే సంగతి. యాభై దాటిన మనిషిని, సగం ఊరిని బస్సు ఎక్కించి దింపినదాన్ని, టికెట్ తీసుకోని మొగాళ్ళని కాలర్ పట్టుకుని దింపేసినదాన్ని, ఇవాళ నా బతుకంతా పసిపిల్లలు కూడా సునాయాసంగా చేసేసే పని ఒక్కదాని మీద నిలబడింది. తలుచుకుంటే నవ్వొస్తోంది, నవ్వితే కుట్లు లాగుతున్నాయి, కుట్లు లాగితే ఏడుపొస్తోంది, ఏడిస్తే ముక్కులో పెట్టిన గొట్టం గొంతులో గుచ్చుకుంటోంది. కాబట్టి నవ్వనూ లేదు, ఏడవనూ లేదు. పైకప్పుకేసి చూస్తూ పడుకున్నాను, అక్కడ ఫ్యాను తిరుగుతోంది, నా కడుపులో తిరగాల్సింది కూడా అదే తిరుగుతున్నట్టు.

సాయంత్రం పెద్ద డాక్టరు వస్తాడు. పొద్దున వచ్చి నా పొట్ట మీద స్టెతస్కోపు ఇక్కడా అక్కడా పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు విని, "నిశ్శబ్దంగా ఉందమ్మా" అన్నాడు. నా గురించి ఆ మాట అన్న మొదటి మనిషి అతనే. "సాయంత్రం మళ్ళీ చూస్తాను. అప్పటికీ కదలిక లేకపోతే రేపు పొద్దున ఇంకోసారి తెరిచి చూడక తప్పదు" అన్నాడు. తెరిచి చూడటమట, అదేదో బీరువా అయినట్టు! ఈసారి తెరిస్తే పేగు చివర పొట్ట మీదకి తీసి సంచి తగిలించాల్సి రావచ్చని కూడా అన్నాడు, మెల్లగా, వెనక డాక్టరీ నేర్చుకునే పిల్లలు రాసుకుంటుంటే. సంచి పెట్టుకుని బతికేవాళ్ళు బోలెడుమంది ఉన్నారని నాకు తెలుసు, వాళ్ళకి దణ్ణం పెడతాను, కానీ పొద్దున రద్దీలో ఎనభైమంది మోచేతుల మధ్య నుంచి దూరి టికెట్లు కొట్టే దానికి ఆ సంచి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అదీ అసలు భయం కాదు. అసలు భయం ఆ మాస్కు. ముక్కు మీద పెట్టి గాలి పీల్చమంటారు, పీలుస్తామో లేదో ఎవరో దీపం ఆర్పేసినట్టవుతుంది. మొన్న ఆర్పినవాళ్ళు మళ్ళీ వెలిగించారు. రేపు వెలిగిస్తారని నమ్మకమేంటి? ఒళ్ళంతా నీరసం, రక్తం తక్కువగా ఉందని చిన్న డాక్టరు బయట వరండాలో మా అమ్మాయితో అంటుంటే నా చెవిన పడనే పడింది. భయంగా ఉంది. ఉంటే ఉండనీ. కత్తి రెండోసారి నా మీద పడనివ్వను, ఈ పేగు కదలాలి, సాయంత్రంలోపు కదలాలి, కదిపిస్తాను.

ఎలా కదిపించడం అన్నదే తెలియడం లేదు. చెయ్యి ఎత్తాలనుకుంటే లేస్తుంది, కాలు ముడవాలనుకుంటే ముడుస్తాను, గొంతు పెంచాలంటే డిపో అవతలకి వినిపిస్తాను. కడుపులోది మాత్రం నా మాట వినే రకం కాదట. మా అమ్మాయి చెప్పింది, బళ్ళో సైన్సు చెబుతుంది అది, పొద్దున మంచం పక్కన స్టూలు మీద కూచుని నన్ను పదో తరగతి పిల్లని చేసేసింది. "అది నునుపు కండరం అమ్మా, నీ ఇష్టంతో పనిచేసేది కాదు" అంది. నునుపట! బట్టల కొట్టువాడి మాటలా ఉంది. ఇష్టంతో పనిచెయ్యనిది నా కడుపులో ఎందుకుందే అన్నాను. "నీ ఇష్టం మీద వదిలితే నువ్వు మర్చిపోతావని" అంది. అదీ నిజమే. రెండు ట్రిప్పుల మధ్య నిలబడి తిన్నదాన్ని, నమిలానో లేదో కూడా తెలియకుండా తిన్నదాన్ని, తిన్న ప్రతి ముద్దనీ దగ్గరుండి సాగనంపాలంటే నా వల్ల అయ్యేదా? ఎవరికీ చెప్పకుండా, ఒక్కనాడు సెలవడగకుండా, నేను నిద్రపోతే అది మేలుకుని పనిచేసింది ఇన్నేళ్ళూ. నేను దాని పేరు కూడా కనుక్కోలేదు. అలాంటిది ఇప్పుడు ఉలుకూ పలుకూ లేకుండా పడుంది.

అలిగిందట. ఈ మాట మా అమ్మాయిది కాదు, చిన్న డాక్టరుది. "పేగుల్ని చేత్తో ముట్టుకుంటే అలుగుతాయమ్మా, ఎవరికైనా అంతే, కొందరికి తొందరగా తీరుతుంది, కొందరికి ఆలస్యమవుతుంది" అన్నాడు. అలకంటే నాకు కొత్తా? మా ఇంట్లో ఒక మనిషి ఉన్నారు. కూరలో ఉప్పు తగ్గిందన్న మాట అనడానికి బదులు రెండ్రోజులు మాట్లాడటం మానేస్తారు. మా ఆయన కొళాయిల పని చేస్తారు, ఊళ్ళో ఎవరింట్లో పైపు మూసుకుపోయినా ఆయనకే కబురు. పైపుల్లో నీళ్ళు ఎటు తిరిగి ఎటు పోతున్నాయో గోడకి చెవి ఆనించి చెప్పగలరు, ఎదురుగా ఉన్న పెళ్ళాం మనసులో ఏముందో మాత్రం ముప్ఫయ్యేళ్ళుగా తెలుసుకోలేదు. తన మనసులో ఉన్నది చెప్పనూ లేదు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన అలిగితే నేనెన్నడూ బతిమాలలేదు, నా పని నేను చేసుకుంటూ పోయేదాన్ని, గిన్నెలు కాస్త గట్టిగా కడిగేదాన్ని, అలక దానంతటదే తీరేది. ఇప్పుడు మంచం కాళ్ళ దగ్గర కూచున్నారు, సెలైన్ సీసాకేసి చూస్తూ. చుక్క, చుక్క, చుక్క. కారుతున్న చుక్కని చూస్తే ఆయన చెయ్యి ఊరుకోదు, ఇప్పటికి ఎన్నిసార్లో ఆ చిన్న చక్రం బిగించబోయి సిస్టర్ చేత తిట్లు తిన్నారు. "లీకు కాదు నాన్నా అది, మందు" అని మా అమ్మాయి చెబితే "తెలుసు" అన్నారు, తెలిసినా చెయ్యి దానంతటది పోతోంది.

మా అమ్మాయి చిన్నప్పుడు, ఇదే పాఠం, వంటింటి గట్టు మీద కూచుని వల్లె వేసేది. తిన్నది కిందకి జారదు, తోయబడుతుంది. తిన్నది కిందకి జారదు, తోయబడుతుంది. మా ఆయన రెంచి తుడుచుకుంటూ విని "జారకేం, పైనుంచి కిందకి జారుతుంది, ఏ పైపులో అయినా అంతే" అన్నారు. "లేదు నాన్నా, తలకిందులుగా ఉన్నా పోతుంది" అంది. "పైకెక్కాలంటే మోటారుండాలే" అన్నారు. ఇద్దరూ పంతాలకి పోయారు. అది మంచం మీద వెల్లకిలా పడుకుని, తల కిందకి వేలాడేసి, బిస్కెట్ నమిలి మింగింది. జడ నేల మీద, మొహం ఎర్రగా కందిపోయి, కళ్ళలో నీళ్ళు, నేను గరిటె పట్టుకుని దీని గొంతుకడ్డం పడితే ఎలాగరా దేవుడా అని నిలబడితే, ఆయన పిల్ల గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి, గోడకి చెవి ఆనించినంత శ్రద్ధగా, "పోతోంది... పైకి పోతోందే!" అన్నారు. ఆ మొహం ఇప్పటికీ నా కళ్ళముందుంది. "మోటారెక్కడుందే?" అని అడిగారు దాన్ని, ఏదో మోసం జరిగినట్టు. "మోటారు లేదు నాన్నా, పైపే మోటారు" అంది. ఆ రోజంతా ఆయన ఎవరికి నీళ్ళ పని చేసిపెట్టినా ఈ కబురు చెప్పారట, మా ఇంట్లో పైపే మోటారని.

పైపే మోటారు. పొద్దున మళ్ళీ గీసి చూపించింది, మందుల చీటీ వెనకాల. లోపల గాజులా చుట్టూ తిరిగిన పొర ఒకటి, దాని మీద పొడుగ్గా సాగిన పొర ఇంకొకటి. ముద్ద వెనక ఉన్న చోట బిగుస్తుంది, ముందున్న చోట వదులవుతుంది, ఆ బిగువు పాక్కుంటూ ముందుకు వస్తుంది. ఎవరు చెబుతారే దానికి బిగుసుకోమని అంటే, ఎవరూ చెప్పరట, పేగు గోడలోనే దాని నరాల వల ఉందట, తలకాయలో మెదడుతో పని లేకుండా అక్కడికక్కడే మాట్లాడుకుంటాయట. మధ్యమధ్యలో ముందుకు తొయ్యడం ఆపి అటూ ఇటూ పిసుకుతుందట, పిండి కలిపినట్టు, సారం పీల్చుకోవడానికి. ఏమీ తిననప్పుడు కూడా ఖాళీగా కూచోదట, పైనుంచి కిందిదాకా ఊడ్చుకుంటూ పోయే అల ఒకటి వస్తుందట, కడుపు గుర్రుమనేది అప్పుడేనట. ఇదంతా నాకు బస్సులా వినిపించింది, ఏం చెయ్యను, నాకు తెలిసింది అదే. రద్దీ బస్సులో వెనకవాళ్ళు ఎంత తోసినా జరగదు, ముందువాళ్ళు కాస్త సందివ్వాలి. తోసేవాళ్ళనొకసారీ, తొలగాల్సినవాళ్ళనొకసారీ తిడుతూ ఉండాలి. అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. కడుపులో అదే పని అరుపుల్లేకుండా జరిగిపోతోందంటే నాకు కాస్త సిగ్గేసింది కూడా.

పేగు మెలిపడిన రోజు మాత్రం అరవలేకపోయాను. నొప్పి బస్సులోనే మొదలైంది, బొడ్డు చుట్టూ ఎవరో తడిబట్ట పిండినట్టు, పిండి వదిలేసినట్టు, మళ్ళీ పిండినట్టు. అలలు అలలుగా. ఇప్పుడు తెలుస్తోంది అదేమిటో, దారి మూసుకుపోయినా పేగు ఊరుకోలేదు, తోసింది, మళ్ళీ తోసింది, ఇంకా గట్టిగా తోసింది. పిచ్చి మొండిది. నాలాంటిదే. నేనూ అంతే కదా, డ్రైవరు అద్దంలో నా మొహం చూసి ఆపెయ్యనా అక్కా అంటే, నోరు మూసుకుని నడుపు, చివరి స్టాపుదాకా జనం ఉన్నారు అన్నాను. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. టికెట్ మిషను నొక్కుతుంటే వేళ్ళు కనిపించలేదు. చివరి మనిషి దిగాక మెట్ల మీద కూచుండిపోయాను, అక్కణ్ణించి ఆ మాస్కు తప్ప ఏమీ గుర్తులేదు. లేచేసరికి ముక్కులో గొట్టం, పక్కన మా ఆయన, గడ్డం మాసి, నా చెప్పులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. చెప్పులు ఒళ్ళో ఎందుకండీ అని అడిగాను, అదే నా మొదటి మాట. ఆయన చెప్పులకేసి చూసుకుని, అప్పుడే చూసినట్టు, కింద పెట్టేశారు.

సిస్టర్ దగ్గరికొచ్చింది, సిరంజి పైకెత్తి. నొప్పికి ఇంజెక్షను. వద్దన్నాను. "అదేంటమ్మా, మొహమంతా చెమట్లు పడుతుంటే?" అంది. ఆ మందు నొప్పితోపాటు పేగుని కూడా జోకొడుతుందని చిన్న డాక్టరు నిన్న అన్నాడు, నొప్పి ఓర్చుకోగలిగితే తక్కువ రకం ఇస్తామన్నాడు. ఓర్చుకుంటాను, ఆ తక్కువదే ఇవ్వమన్నాను. "తర్వాత నన్ను పిలిచి అరవకూడదు మరి" అంది. అరిచినా నువ్వు రావుగా తల్లీ అన్నాను. నవ్వి, వెళ్ళి డాక్టరునడిగి, చిన్న సీసా ఏదో తగిలించింది. అది ఎంత, వానకి జల్లెడ అడ్డం పెట్టినట్టు. కుట్ల దగ్గర మంట మొదలై, నడుముదాకా పాకి, అక్కడ బైఠాయించింది. సరే, నువ్వూ కూచో. పడుకుంటే పని కాదు, నడిస్తే పేగులకి కదలిక వస్తుందన్నారు, నడుస్తాను. ఇదిగో, నన్ను లేపండి అన్నాను. మా ఆయన లేచి సీసా కొక్కెం నుంచి తీసి పైకెత్తి పట్టుకున్నారు, ఇంకో చెయ్యి నా చంక కింద. ఆ చెయ్యి గట్టిగా ఉంది, తుప్పు పట్టిన బోల్టుల్ని కదిపిన చెయ్యి.

వరండా పొడుగ్గా ఉంది. అడుగు వేస్తే పొట్టలో బరువంతా కుట్ల మీదకి జారుతున్నట్టుంది, అరచెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాను. ఆ కొస కిటికీ దాకా, మళ్ళీ వెనక్కి. నోట్లో బబుల్‌గమ్ ఒకటి, సిస్టరే ఇచ్చింది, నమిలితే కడుపు తిండొస్తోందనుకుని మేలుకుంటుందట. ఖర్మ కాకపోతే, సీట్ల కింద బబుల్‌గమ్ అంటించినవాళ్ళని ఇన్నేళ్ళు నానామాటలూ అన్నదాన్ని, ఇవాళ నేను నమలాల్సొచ్చింది, ఇంకా నయం, తియ్యగా ఉంది. ఎన్ని రోజులైందో నాలిక మీద తీపి తగిలి. నడుస్తూ పేగుతో మాట్లాడాను, పైకి కాదు, లోపల్లోపలే. చూడు, నిన్ను ముట్టుకున్నారు, పిసికారు, బయటకి తీసి బల్ల మీద పరిచారట, కోపం రాదా, వస్తుంది, నాకైనా వస్తుంది. నువ్వు అలుగు. నిన్ను బతిమాలను, నాకు చేతకాదు. నా వంతు నడక, నడుస్తాను. నమలడం నా వంతు, నమిలి చూపిస్తాను. నువ్వు ఎప్పుడు మేలుకుంటావో నీ ఇష్టం కానీ, మేలుకున్నప్పుడు నేను నిద్రపోతూ దొరకను. మొదట చిన్న పేగు లేస్తుందట, తర్వాత కడుపు, అన్నిటికంటే ఆఖర్న పెద్ద పేగు, ఎక్కడైనా పెద్దవాళ్ళే ఎక్కువ బిగుసుకుంటారు. కిటికీ దగ్గర ఆగితే కళ్ళు తిరిగాయి. "చాలు" అన్నారు మా ఆయన. పొద్దుట్నుంచీ నాతో అన్న మొదటి మాట. చాలదండీ, ఇంకొక్క చుట్టు అన్నాను. ఆయన సీసా పట్టుకున్న చెయ్యి మార్చుకున్నారు.

తిరిగొచ్చేసరికి మా వదినగారు మంచం మీద కూచుని ఉన్నారు, నా మంచం మీదే. మా ఆయనకి అక్క. తమ్ముడి నోట్లో ఉండాల్సిన మాటలు కూడా ఈవిడే పట్టుకుపోయి పుట్టినట్టుంటారు. మనసు వెన్న, గొంతు మైకు. ఆవిడ సంతోషపడినా ఏడ్చినా ఒకటే రాగం, దూరం నుంచి వింటే ఏదో పోల్చుకోలేం. "పోయిందా?" అన్నారు. లేదు వదినా అన్నాను. మా ఆయన నన్ను కూచోబెట్టి, కనుబొమలు ఎగరేసి, నీళ్ళ సీసా ఖాళీ అయిందని సైగ చేశారు. నాకు నీళ్ళు పొయ్యరు, దూదితో పెదాలు తడుపుతారు, దానికే. వెళ్ళి కింద నింపుకురండి, ఇక్కడ నిలబడి నా మొహంలోకి చూస్తుంటే ఉన్న పేగు కూడా సిగ్గుపడుతుంది అన్నాను. కాస్త కసురుకున్నాను కూడా. ఆయన వెళ్ళారు. వదినగారు నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, తగ్గిస్తే మామూలు మనిషి అరిచినంత, "పిచ్చిదానా, పోయిందని చెప్పేస్తే పోదూ? ఎవరు చూడొచ్చారు?" అన్నారు.

ఎవరు చూడొచ్చారు. నిజమే, చూసేవాళ్ళుండరు, లెక్కలో రాసుకునేది నా మాటే. పోయిందండీ అంటే గొట్టం తీసేస్తారు, రేపటి కత్తి ఆగిపోతుంది, వీళ్ళందరూ హాయిగా ఇళ్ళకి పోతారు. నోటి చివరదాకా వచ్చింది. ఎంత తేలిక! ఒక్క మాట. కానీ టికెట్ తీసుకున్నానండీ అని కళ్ళలోకి చూసి అబద్ధమాడే మొహాలు ఎన్ని చూశాను, ముందు స్టాపులో చెకింగువాడు ఎక్కగానే అవే మొహాలు ఎలా పాలిపోతాయో చూశాను. ఇక్కడ చెకింగువాడు కడుపులోనే ఉన్నాడు. పోయిందని చెప్పి నీళ్ళు తాగితే, తాగినవి ముందుకు పోకపోతే, ఆ నిండిన పేగు ఎక్కడ చిరుగుతుందో ఎవరికి తెలుసు? వద్దు వదినా, అబద్ధం చెబితే నమ్మేది డాక్టరే, పేగు నమ్మదు అన్నాను. "నీ మొండితనం నీది" అని నుదురు కొట్టుకున్నారు ఆవిడ. కొట్టుకుని, నా కాళ్ళ మీద దుప్పటి సర్ది, అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. మా అమ్మాయి బడి వదిలి ఇంకా రాలేదు. అది ఉంటే బావుండనిపించింది. కిటికీలోంచి ఎండ పచ్చబడి గోడ మీదకెక్కింది, వరండాలో బూట్ల చప్పుడు, ట్రాలీ చక్రం ఒకటి కీచుమంటూ. వస్తున్నాడు. నోట్లో బబుల్‌గమ్‌కి తీపి పోయి రబ్బరు మిగిలింది, అయినా నములుతూనే ఉన్నాను.

పెద్ద డాక్టరు, వెనక చిన్న డాక్టరు, వాళ్ళ వెనక తెల్లకోట్లు వేసుకున్న నేర్చుకునే పిల్లలు. "పోయిందా అమ్మా?" అన్నాడు. ఆయన భుజం మీదుగా వదినగారు తల ఊపుతున్నారు, ఊఁ అను, ఊఁ అను అని. లేదండీ అన్నాను. గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది, అందుకని ఇంకోసారి, లేదండీ, పోలేదు. ఆయన తల పంకించి చిన్న డాక్టరుకేసి తిరిగాడు, "రేపు పొద్దున మొదటి కేసు..." అంటున్నాడు. రేపటి సంగతి తర్వాత, ముందు వినండి అన్నాను. "అమ్మా..." అన్నాడు. వినకుండా కొయ్యడానికి నేనేమైనా గుమ్మడికాయనా, నొప్పి మందు మానేసి నడిచొచ్చాను, వినండి. పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఆయన నవ్వలేదు, వంగి, ఆ చల్లటి బిళ్ళ పొట్ట మీద పెట్టాడు. కుడివైపు. ఆగాడు. పైన. ఆగాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఎడమవైపు పెట్టి, కనుబొమ ముడిచి, "కొంచెం పక్కకి ఒత్తిగిలండి" అన్నాడు. కడ్డీ పట్టుకుని ఒత్తిగిలాను, అప్పుడు లోపల ఏదో జరిగింది. కుట్ల మంట కాదు. లోతుగా, మెల్లగా, ఒక చోట బిగిసి, బిగువు పక్కకి జరిగి, మళ్ళీ అక్కడ బిగిసి, నేను చెప్పని పని, నన్ను అడగని పని. నొప్పే అది, నొప్పే కానీ నా సొంత నొప్పి, ఇన్ని రోజులుగా ఊరెళ్ళిన మనిషి తాళం తీస్తున్న చప్పుడులాంటి నొప్పి. ఆ వెంటనే అది వచ్చింది. చిన్నగా కాదు. నేను ఏ పనీ చిన్నగా చెయ్యలేదు.

తెల్లకోట్లు పైకప్పుకేసి చూశాయి. పక్క మంచం ముసలావిడ దుప్పట్లోంచి "హమ్మయ్య" అంది. పెద్ద డాక్టరు చెవుల్లోంచి గొట్టాలు తీసి, "ఈ మాట కోసమేనమ్మా పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నాను" అన్నాడు, "రేపటిది తీసెయ్యండి" అని చిన్న డాక్టరుతో అన్నాడు. నేను సిగ్గుపడాల్సింది, సిగ్గు దగ్గరికి రాలేదు, కళ్ళ వెంట నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి. వదినగారు రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని ఒక్క పరుగున వరండాలోకి పడ్డారు. "పోయిందిరా! ఒరే తమ్ముడూ, పోయిందిరా! పోయింది!" అని ఏడుస్తూ, నవ్వుతూ, ఆ ఒక్కటే రాగంలో, వరండా ఈ కొస నుంచి ఆ కొసదాకా.

వరండాలో ఏదో దభీమని పడింది, నీళ్ళు చిందిన చప్పుడు. తర్వాత ఒక అరుపు. ఎవరిదో పోల్చుకోలేకపోయాను. ఎక్కడో విన్నట్టున్న గొంతు, కానీ ఆ గొంతు అంత పెద్దగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. "నన్ను నీళ్ళకి పంపించి వెళ్ళిపోయావా! ఇందాకటిదాకా నడిచావు కదే! నా చెయ్యి పట్టుకుని నడిచావు కదే! నాకు మాట్లాడటం కూడా రాదే, ఇంట్లో మాట్లాడేదానివి నువ్వే కదే, ఇప్పుడు నేనేం చెయ్యను..." వదినగారు "అది కాదురా, ఒరేయ్, అది కాదురా" అంటూనే ఉన్నారు, ఆవిడ ఎంత అరిస్తే అంత ఏడుపులా వినిపిస్తోంది. సిస్టర్ ట్రే పెట్టేసి పరిగెత్తింది. ముప్ఫయ్యేళ్ళు. ముప్ఫయ్యేళ్ళు ఈ మనిషి లోపల ఇదంతా ఉందా, నేను గిన్నెలు గట్టిగా కడుగుతున్నప్పుడు కూడా? గొంతులో గొట్టం ఉంటే ఉండనీ అని, కుట్లు ఊడితే ఊడనీ అని, చివరి సీటుకి వినిపించేలా అరిచాను. ఏవండీ! ఇక్కడున్నాను! పోయింది నేను కాదండీ, గాలి! గాలి పోయింది! నిండు వార్డులో, డాక్టర్ల ముందు.

గుమ్మంలో నిలబడ్డారు. మోకాళ్ళ దాకా తడి, చొక్కా మీద తడి, మొహం మీద తడి. నన్ను చూశారు. వచ్చి మంచం పట్టీ పట్టుకున్నారు, భుజాలు అదురుతున్నాయి. ఆపుకోవాలని చూస్తున్నారు, పళ్ళు బిగించి, గడ్డం ఛాతీకి ఆనించి. ఆగడం లేదు. అంతమంది ముందు ఏడుస్తున్నందుకు సిగ్గుపడుతున్నారు, సిగ్గుపడినా ఆగడం లేదు. ఏడవండి, దాన్ని ఆపకండి, అదే తగ్గుతుంది అన్నాను. పెద్ద డాక్టరు ముక్కు గొట్టం ప్రస్తుతానికి మూసి పెట్టమన్నాడు, చెంచాతో కాసిని నీళ్ళు ఇచ్చి చూడమన్నాడు, "ఆయన్నే ఇవ్వనివ్వండి" అని సిస్టర్‌తో అని, పిల్లల్ని తీసుకుని పక్క మంచానికి వెళ్ళాడు.

సిస్టర్ గిన్నెలో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఆయన చెంచా ముంచారు. ఆ చెయ్యి, ఎంత సన్నటి మరనైనా చీకట్లో తడిమి బిగించే చెయ్యి, ఇప్పుడు చెంచాని నా నోటిదాకా తిన్నగా తేలేకపోతోంది. సగం నా గడ్డం మీద, మెడ మీద పోయాయి. మిగిలిన సగం నాలిక మీద పడ్డాయి. నీళ్ళకి ఇంత రుచి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. కాసేపు నోట్లోనే ఉంచుకున్నాను, మింగాలా వద్దా అని భయం. వదినగారు నోరు మూసుకుని చూస్తున్నారు, సిస్టర్ చూస్తోంది, పక్క మంచం ముసలావిడ ఇటు తిరిగి మరీ చూస్తోంది. మింగాను. గొంతులోంచి ఛాతీలోకి చల్లగా ఒక గీత దిగింది, ఛాతీ దాటాక ఎక్కడికి పోయిందో తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

"ఎలా ఉంది?" అన్నారు మా ఆయన. మాటతో అడిగారు, కనుబొమలతో కాదు.

ఇంకో చెంచా అన్నాను. ఆయన ముక్కు ఎగబీల్చి, మొహం భుజానికేసి తుడుచుకుని, గిన్నె కాస్త దగ్గరికి జరుపుకున్నారు.